మసి పూయని గ్రంథం

రాజుగారి విద్యాపీఠంలో గణితానికి, ప్రకృతిశాస్త్రానికి, చరిత్రకు ముగ్గురు పండితులుండేవారు. ఒకరు గ్రంథం రాస్తే మిగిలిన ఇద్దరూ చదివి ముద్ర వేయాలి. ముద్ర మాత్రం ఏనాడూ ఆలస్యం కాలేదు.

అక్కడ గవరమ్మ పని తాటాకులకు మసి పూయడం. గంటంతో గీసిన అక్షరాలు మసి పూసి తుడిస్తేగాని కంటికి ఆనవు. ఆమెకున్న ఆధారమల్లా కొండకింద ఎకరం పసుపుచేను.

గణిత పండితుడు వటుకేశ్వరశాస్త్రికి ఆ చేన్లో మేడ కట్టుకోవాలనిపించింది. ఆ నేలలో ఏమీ పండదని లెక్కలు కట్టి గ్రంథం రాశాడు. మిగిలిన ఇద్దరూ ముద్రలు వేశారు. రాజుగారు ముద్రలు చూస్తారుగానీ కట్ట విప్పరు. చేను శాస్త్రికి రాసిచ్చేయబోయారు.

గవరమ్మ చేతులు జోడించింది.

"అయ్యలూ, పుస్తకం పూర్తిగా చదివారా?"

"మూడుసార్లు!" అన్నాడు ప్రకృతి పండితుడు.

"నాకైతే కళ్ళు చెమర్చాయి," అన్నాడు చరిత్ర పండితుడు.

"అయితే మారాజా, ఈ ఇద్దరిచేతా ఒక్క ఆకు చదివించండి."

కట్ట విప్పి ఒక ఆకు తీశారు. పండితులు దాన్ని ముక్కుదాకా తెచ్చుకున్నారు, తిరగేశారు, ఎండకు పట్టారు.

"ఇది అతిప్రాచీన లిపి, ప్రభూ," అన్నాడు చరిత్ర పండితుడు.

"మొన్న రాసిందే బాబూ. ఇంకా నా దగ్గరికి మసికే రాలేదు," అంది గవరమ్మ.

రాజుగారు చేను ఆమెదేనని తేల్చేశారు.

మర్నాడే ఆ ముగ్గురూ 'మసి లేని గ్రంథం చదవలేకపోవడానికి పదకొండు కారణాలు' అని కొత్త గ్రంథం మొదలుపెట్టారు. ముద్రలు ముందే పడిపోయాయట.