తుపాకీ బడిలో మధ్యాహ్నపు కథ

"మాస్టారూ, గురి చూసి కాల్చడం నేర్చుకుందామని వచ్చినవాళ్ళకి ఈ పాత గొడవంతా ఎందుకండీ?" అని జయచంద్ర ఒక శనివారం మధ్యాహ్నం అడిగాడు. అడిగింది అమెరికాలో, టెనెసీ కొండల మధ్య పశువులు మేసే ఒక బీట్లో, రేకుల షెడ్డు కింద. అడిగించుకున్నవారు కొమాండూరి వరాహాచారిగారు. ఆ బీట్లో సెలవురోజుల్లో జనానికి ఉచితంగా తుపాకీ కాల్చడం నేర్పే బృందం ఒకటుంది, దానికి ఆయనే పెద్ద. నేర్పేవాళ్ళలో జీతగాడు ఒక్కడూ లేడు. అందరూ ఎవరి పనులు వాళ్ళు మానుకుని, పెళ్ళాల చేత చీవాట్లు తిని మరీ వచ్చేవాళ్ళు.

చారిగారు ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. బోర్లా పడుకుని కాల్చడం చూపించే ముందు చాప దులుపుతారు. దాని మీద చీమలుంటే ఒక్కొక్కదాన్నీ బతిమాలి పక్కకు పంపుతారు. ఒకసారి చీమలు తెమిలేసరికి చలికాలం వచ్చేసిందని అందరూ చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనొక్కదాన్నే అనుకోండి, అయినా నిజం నిజమే. నేను ఆ శిబిరానికి వంటకు పోతాను. తుపాకీ మాత్రం జన్మలో ఒక్కసారే పట్టుకున్నాను. అది వెనక్కి తన్నిన తన్నుకు పక్క రాష్ట్రం కెంటకీలో లేచి కూర్చున్నాను.

మధ్యాహ్నమయ్యేసరికి చారిగారు తుపాకులన్నీ ఖాళీ చేయించి నేల మీద పెట్టిస్తారు. అందరినీ షెడ్డు కిందకు చేర్చి, నేను కలిపిన పెరుగన్నం పెట్టించి, వాళ్ళ దేశపు కథే వాళ్ళకు చెబుతారు. లెక్సింగ్టన్ అనే ఊళ్ళో ఒక తెల్లవారుజామున రైతులూ, చేతిపనివాళ్ళూ ఇళ్ళల్లోంచి తుపాకులు తెచ్చుకుని ఇంగ్లండు రాజుగారి సైన్యం ఎదుట నిలబడిన కథ, వాళ్ళ స్వాతంత్ర్య యుద్ధం మొదలైన నాటి కథ అది. "వాళ్ళు కాల్చేదాకా మీరు కాల్చకండి" అని వాళ్ళ నాయకుడు అన్నాడంటారు. ఇంతలో ఎక్కడిదో ఒక తుపాకీ పేలింది. అది ఎవరిదో ఈనాటికీ తేలలేదు. అక్కడికి వచ్చాక చారిగారు ఆగిపోతారు. ఆ ఆగడం ఎంతసేపంటే, అప్పుడు తోడుపెట్టిన పాలు ఆయన మళ్ళీ నోరు విప్పేసరికి గడ్డపెరుగైపోతాయి. నుదుట నామం పెట్టుకున్నాయన మాకు మా కథ చెప్పడమేమిటని డ్వేన్ అనే లారీ డ్రైవరు మొదట్లో గడ్డంలోంచి నవ్వేవాడు. పిచ్చుకలు కాపరం పెట్టగల గడ్డం అది. ఇప్పుడు ఆ డ్వేనే అందరికంటే ముందొచ్చి బల్ల మీద చోటు పట్టుకుంటాడు.

జయచంద్ర అడిగినదానికి చారిగారు వాదనలోకి దిగలేదు. "ముందు అన్నం తిను నాయనా, ఎండగా ఉంది" అన్నారు.

అతను రెండు ముద్దలు తిని, చేయి కడుక్కుని, కథ మొదలయ్యేలోపే పోయి తన కారులో కూర్చున్నాడు. ప్రతిసారీ అంతే. ఏసీ వేసుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టడం సాధన చేస్తాడు. ఎందుకంటే అతనికి ఆకుపచ్చ టోపీ కావాలి. ఆ టోపీ ఉన్నవాళ్ళే కొత్తవాళ్ళ పక్కన కూర్చుని నేర్పాలని బృందం కట్టుబాటు. టోపీ వచ్చేసినట్టే ఆఫీసులో అందరికీ చెప్పేసుకున్నాడు. వచ్చే శిబిరంలో తనే నేర్పుతానని తెలిసినవాళ్ళ పేర్లన్నీ రాయించేశాడు. భార్య మాధురి చేత టోపీ ఆకారంలో కేకు కూడా చేయించాడు. అయితే టోపీకి గురి ఒక్కటే చాలదు. గురిలో నెగ్గినవాళ్ళు ఆ సాయంత్రమే, అందరి ముందూ నిలబడి, మధ్యాహ్నపు కథ తమ మాటల్లో చెప్పాలి. "అదెంత పని పిన్నిగారూ, ఫోన్లో చూసి చెప్పేస్తాను" అన్నాడు నాతో.

ఆదివారం సాయంత్రం అతను కాల్చిన తీరు చూడాలి. చిల్లు పక్కన చిల్లు కాదు, చిల్లులోనే చిల్లు. ఆ కాగితం నడుమ ఈగ కాలు మోపే చోటు లేదు. డ్వేన్ ఈల వేశాడు. మాధురి కేకు పట్టుకుని ముందు వరసలోకి వచ్చింది. చారిగారు పెట్టెలోంచి ఆకుపచ్చ టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "ఇక కథ చెప్పు నాయనా" అన్నారు.

జయచంద్ర ఫోను తీశాడు. ఆ లోయలో సిగ్నల్ ఉండదు. ఫోనును తల మీదకు ఎత్తాడు, కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు, సూర్యుడికి హారతి ఇస్తున్నట్టు. ఏమీ పలకలేదు. వెనక నేను పులిహోర గిన్నెతో నిలబడి ఉన్నాను.

"పిన్నిగారూ, కాస్త అందించండి" అన్నాడు పెదవులు కదపకుండా.

"ఏం, ఒక్క ముక్కా రాదా?"

"రాదండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇప్పుడొద్దులే, చేతిలో గిన్నె ఉంది."

సరే, అడిగినవాణ్ణి కాదనడం నాకు చేతకాదు. చిన్నదాన్ని చిన్నగా చెప్పడం అంతకంటే చేతకాదు. నేను తెలుగులో అందిస్తుంటే అతను ఇంగ్లీషులో వడ్డించుకుంటూ పోయాడు. రైతులు నిలబడ్డారన్నాను. నిలబెట్టాడు. లక్షమంది అన్నాను. లక్షమందినీ నిలబెట్టాడు. డ్వేన్ చెంచా నోటి దగ్గరే ఆగింది. రాజుగారి సైన్యం ఏనుగులెక్కి వచ్చిందన్నాను. అతను తొండం ఊపి మరీ చూపించాడు. జనం పడీపడీ నవ్వారు. ఆ నవ్వు తన కథాకౌశలానికే అనుకుని జయచంద్ర గొంతు పెంచాడు. చేతులు తిప్పడం మొదలుపెట్టాడు.

"నాయకుడేమన్నాడు పిన్నిగారూ?" అన్నాడు పళ్ళ సందునుంచి.

కథ అప్పటికే మంచి ఊపులో ఉంది. "ఊరుకుంటాడేమిటి, కనబడినవాణ్ణల్లా కాల్చిపారేయమన్నాడు" అన్నాను.

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. వేలు ఎత్తి జనం వైపు చూపిస్తూ, నా కంటే గట్టిగా, ఆ మాట కూడా అనేశాడు.

నవ్వు ఆగిపోయింది. డ్వేన్ తన కాగితం పళ్ళేన్ని బల్ల మీద పెట్టేశాడు. మాధురికి ఏం జరిగిందో తెలియకపోయినా, ఏదో తప్పు జరిగిందని ముఖం వాడిపోయింది. కేకు మీది పచ్చ క్రీము ఎండకు కరిగి ఆమె మణికట్టు మీదుగా కారుతోంది. జయచంద్ర ఒక్కడే ఇంకా వేలు ఎత్తుకుని చప్పట్ల కోసం చూస్తున్నాడు.

చారిగారు కోప్పడలేదు. నా వైపు కూడా చూడలేదు. టోపీ మీద లేని దుమ్ము దులిపి, దాన్ని పెట్టెలో పెట్టి మూత వేశారు.

జయచంద్ర చేయి కిందకు జారింది. "అదేమిటి మాస్టారూ, నా గురి ఎక్కడా తప్పలేదు కదండీ. ఆ మాటలు నావి కావు. పిన్నిగారు ఏది అందిస్తే అది అన్నాను, అంతే."

"అవును నాయనా" అన్నారు చారిగారు. "ఇవాళ ఆవిడ అందించింది కథే. రేపు చేతిలో తుపాకీ ఉన్నప్పుడు ఎవరేం అందిస్తారో."