పదిహేనో రోజు

ఎవరైనా ప్రశ్న అడిగితే ఆచార్య వేదాద్రి గారు వెంటనే జవాబిచ్చేవారు కాదు. ముందు ల్యాబ్ కిటికీ పక్కనున్న హీటర్ మీద టీ పెట్టేవారు. మెదడు మీద నలభై ఏళ్లు పరిశోధన చేసిన ఆయన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ ఆ అల్లం వాసన ఈనాటికీ గుర్తే. అలివేణికి మరీ గుర్తు. విశాఖలో ఆ ల్యాబ్ ఉన్న పాత భవనాన్ని పడగొట్టి చాలాకాలమైంది. అయినా సముద్రపు గాలి తగిలితే చాలు, ఆమెకు ఆ గది, ఎలుకల పెట్టెల్లోని రంపపు పొట్టు, ఆయన వంగి గ్లాసుల్లోకి టీ వడకట్టడం కళ్లముందు కదులుతాయి.

తానూ లెక్చరర్‌గా చేరిన కొన్నేళ్లకు, ఒకరోజు ఆమె ఏడుపు దిగమింగుకుంటూ ఆ ల్యాబ్‌కు వచ్చింది. ప్రొఫెసర్ పదవికి జరిగిన ఇంటర్వ్యూలో ఆమె దరఖాస్తును పక్కన పెట్టేశారు. తొమ్మిదేళ్లలో ఆమె రాసినవి నాలుగే పేపర్లు. ఇతరులు తమ పేపర్లలో వాటిని ప్రస్తావించింది పదకొండుసార్లు. ఆమె తర్వాత చేరినాయనకు మూడువందల పైచిలుకు.

"చేతిలో ఉన్న పేపర్‌ను మూడు ముక్కలు చేసి మూడుచోట్లకు పంపుదామనుకుంటున్నాను సార్," అంది. "మీ ఎలుకల పేపర్‌ను ఆరువందల మంది ప్రస్తావించారు. నా పని పనికొచ్చేదేనని నేనెలా నమ్మను?"

వేదాద్రి గారు గ్లాసు ఆమె చేతికిచ్చారు. తర్వాత సాలూరు మాస్టారి సంగతి చెప్పారు.

పుట్టిన కొద్ది రోజులకే ఎలుకపిల్లల మీసాలు తీసేస్తే, వాటి మెదడులో స్పర్శను గ్రహించే భాగం అమరికే మారిపోతుందని చెప్పిందే ఆ ఎలుకల పేపర్. వేదాద్రి గారి పేరు దేశాలు దాటింది దానితోనే. అది అచ్చయిన ఆరేళ్లకు, ఒక మధ్యాహ్నం, సాలూరులో జువాలజీ చెప్పే పైడిరాజు అనే లెక్చరర్ బస్సు దిగి నేరుగా ల్యాబ్‌కు వచ్చాడు. చేతిలో రెండు లావుపాటి నోటుపుస్తకాలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు నా చేతిలో ఉందేమో చూసి చెప్పండి సార్," అన్నాడు. "మీరు రాసినట్టే పదిహేనో రోజున మీసాలు తీశాను. డాక్టరేట్ కోసం రెండేళ్లుగా చేస్తున్నాను. నా ఎలుకల్లో ఏ మార్పూ రావడం లేదండి."

వేదాద్రి గారు బీరువాలోంచి ఆ పత్రిక తీసి చూశారు. పదిహేను అనే ఉంది. ఆయన చేసింది ఐదో రోజున. టైపు చేసేటప్పుడు ఐదు అంకె ముందు ఒకటి పడింది. ప్రూఫులు దిద్దింది ఆయనే. అప్పటికే రెండువందల మంది ఆ పేపర్‌ను ప్రస్తావించారు. కొందరైతే పదిహేనో రోజని కూడా ఎత్తి రాసుకున్నారు. ఒక్కరూ అడగలేదు.

"ఆ నోటుపుస్తకాలు తిరగేశానమ్మా," అన్నారు వేదాద్రి గారు. "ప్రతి పిల్లకూ ఒక పేజీ. కాలేజీలో గది ఇవ్వకపోతే ఇంటి వసారాలో పెంచాడట. మేత వివరాలు వాళ్లావిడ రాసింది. ఎండకు చచ్చిపోయినవి ఎన్నో, అదీ ఉంది. నా ల్యాబ్‌లో అంత శ్రద్ధగా రాసినవాళ్లు లేరు. క్షమించమని ఆయన చెయ్యి పట్టుకున్నాను. 'అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట' అన్నాడు. అప్పుడు కూర్చున్నాడు."

మరుసటి నెల వేదాద్రి గారు సవరణ వేయించారు. ఈలోగా గడువు దాటిపోయి పైడిరాజుకు డాక్టరేట్ రాలేదు. ఆయన మళ్లీ మొదటినుంచీ చేసి, మెదడు ఏ రోజు దాకా మారుతుందో, ఏ రోజు నుంచి మారదో తేల్చి ఒక చిన్న పత్రికలో వేశాడు. ఆయన జీవితంలో రాసిన పేపర్ అదొక్కటే. దాన్ని ప్రస్తావించింది కూడా ఒక్కరే, వేదాద్రి గారు.

అలివేణి తన పేపర్‌ను ముక్కలు చెయ్యలేదు. పదవి మరో ఆరేళ్లకు గానీ రాలేదు. అదంతా తర్వాతి మాట. ఆ రోజు మాత్రం, చల్లారిపోయిన టీ గ్లాసు పట్టుకుని ఒక్కటే అడిగింది.

"మరి ఆ ఆరువందల మంది, సార్?"

"వాళ్లు నా పేరు రాశారమ్మా," అన్నారు వేదాద్రి గారు. "ఆయన ఎలుకల్ని పెంచాడు."