ముళ్ల మేనల్లుడు

అనగనగా ఒక అడవి, ఆ అడవి పొలిమేరలో ఒక పోలీసు చెక్‌పోస్టు. అక్కడ హెడ్డుగారు ఒక ఎలుగుబంటి. దానికి కాగితమంటే మహా భక్తి. ముద్ర కనిపిస్తే చాలు, సెల్యూట్ కొట్టేది.

ఒకరోజు నక్క ఒక బాతుపిల్లను లాక్కుంటూ వచ్చింది.

"ఎవరీ పిల్ల?" అని అడిగింది ఎలుగుబంటి.

"మా అక్క కొడుకండీ. చదివించడానికి తీసుకెళ్తున్నా. ఇదిగో కాగితం!"

"మరి ఆ ముక్కేంటి?"

"వాళ్ల నాన్న పోలికండీ."

కాగితం మీద ముద్ర ఉంది. గేటు లేచింది. బాతుపిల్ల వెనక్కి తిరిగి బేలగా చూసింది. హెడ్డుగారు ముద్రనే చూస్తోంది. ఇక్కడ నాకు ఒళ్లు మండుతుంది పిల్లలూ!

రెండోరోజు నక్క తాబేలుపిల్లతో వచ్చింది.

"వీడూ అక్క కొడుకేనండీ."

"వీపు మీద అదేంటి?"

"పుస్తకాల సంచండీ. చదువంటే ప్రాణం, దించనే దించడు."

మళ్లీ ముద్ర, మళ్లీ గేటు.

మూడోరోజు ముళ్లపందిపిల్ల.

"ఆఖరి మేనల్లుడండీ. పుట్టువెంట్రుకలు ఇంకా తీయించలేదు. కొండకు మొక్కుంది."

ఎలుగుబంటి కళ్లు చెమర్చాయి. "శుభం! మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకునే కదా తీయించాలి? ఏదీ, ఒక్కసారి కూర్చోబెట్టుకో. కళ్లారా చూస్తాను."

నక్క రెండడుగులు వెనక్కి వేసింది. ఎలుగుబంటి వదల్లేదు. పిల్లను తనే మందపాటి పంజాలతో ఎత్తి నక్క ఒళ్లో పెట్టింది.

"చచ్చానురోయ్!" అని నక్క గేటంత ఎత్తు ఎగిరింది. "వీడు నాకేమీ కాడు! నిన్ననే ఎత్తుకొచ్చాను! తియ్యండి బాబోయ్!"

ఎలుగుబంటి నక్కను లాకప్‌లో వేసి తాళం పెట్టింది. తర్వాత టోపీ తీసి, పిల్ల ముందు నేల మీద చతికిలబడింది.

"నీ పేరేంటి నాన్నా?"

"గుచ్చయ్య. నోరు తెరిస్తే మీరు నన్ను లాకప్‌లో వేస్తారని నక్క చెప్పింది. వేస్తారా?"

"తప్పు నీది కాదురా, నాది. మూడురోజులూ నక్కనే అడిగాను. మిమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదు."

గుచ్చయ్య బావురుమన్నాడు. "నాకంటే ముందు తెచ్చిన ఇద్దరినీ తోడేలు ఇటుకబట్టీలో పెట్టిందట, నక్కే అంది. పొద్దస్తమానం మట్టి తొక్కాలట. నన్నూ అక్కడికే!"

ఎలుగుబంటి టోపీ కూడా పెట్టుకోకుండా పరుగెత్తింది.

సాయంత్రానికి పిల్లలు ముగ్గురూ చెక్‌పోస్టులో ఉన్నారు. తోడేలు లాకప్‌లో నక్క పక్కన ఉంది. అమ్మలకు కబురు వెళ్లింది. బాతుపిల్ల హెడ్డుగారి టోపీలో కూర్చుని గంజి తాగుతోంది.

లోపలి నుంచి నక్క అరిచింది. "మేనల్లుళ్లారా! మామయ్యను వదలమని చెప్పండ్రా!"

ఎలుగుబంటి పిల్లల వైపు తిరిగి అడిగింది. "ఈ నక్క మీకేమవుతుంది?"

"ఏమీ కాదు!" అని ముగ్గురూ గొంతెత్తి అరిచారు.

ఎలుగుబంటి ఆ మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకుంది. దాని మీద గట్టిగా ముద్ర కొట్టింది.

నీతి: పిల్లల సంగతి పట్టుకొచ్చినవాణ్ని కాదు, భయం తీర్చి పిల్లలనే అడగాలి.