రోజుకో మూర

అనగనగనగా, మీ తాతల తాతలకి ఇంకా పాలపళ్ళయినా రాని కాలంలో, ఒక పెద్ద ఏరు ఉండేది. ఏటి నడుమ ఒక లంక. లంక మీద ఒక బడి. ఆ బడిలో ఇరవై అయిదుగురు పిల్లలు, ఒకే ఒక్క గురువుగారు.

పిల్లలంతా ఒడ్డున ఉన్న ఊరివాళ్ళే. పొద్దున్నే తెప్ప ఎక్కి లంకకు పోవాలి, సాయంత్రం తెప్ప ఎక్కి ఇంటికి రావాలి. ఒడ్డుకీ లంకకీ మధ్య లావుపాటి మోకు ఒకటి కట్టి ఉండేది. తెప్ప నడిపే నూకయ్య తాత ఆ మోకు పట్టుకుని, చెయ్యి మార్చి చెయ్యి వేసి లాగుతుంటే తెప్ప కదిలేది. ఆ మోకే లేకపోతే తెప్ప నేరుగా సముద్రంలో తేలాల్సిందే.

నూకయ్య తాత పిల్లల దగ్గర ఏమీ పుచ్చుకునేవాడు కాదు. "నా తెప్ప మీద దాటినందుకు రోజుకో మూర తాడు పేని ఇవ్వండి, అదే చాలు" అనేవాడు. బడి వదిలాక పిల్లలంతా అరుగు మీద కూర్చుని, తొట్టిలో నానిన కొబ్బరి పీచు తీసుకుని, తలా ఒక మూర పేనేవారు. ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కరి తాడూ మడతలు వేసి మెలిపెడితే పన్నెండు మూరల మోకు ముక్క తయారయ్యేది. ఇరవై అయిదు ముక్కలూ కలిపి ముడివేస్తే కొత్త మోకు. ఏటా వరదలకు ముందు పాతది విప్పి కొత్తది కట్టేవారు.

ఇక మేదిని సంగతి చెప్పాలి. బడిలో అందరికన్నా తెలివైన పిల్ల. పద్యం ఒక్కసారి వింటే చాలు, తప్పు పోకుండా అప్పజెప్పేది. గురువుగారికి మేదిని అంటే ప్రాణం. మేదినికి కూడా మేదిని అంటే ప్రాణమే, అక్కడే వచ్చింది చిక్కంతా.

"పీచు పేనడం కూడా ఒక చదువేనా?" అనుకునేది ఆ పిల్ల. అందరూ అరుగు మీద కూర్చుంటే తను మాత్రం పుస్తకం పట్టుకుని పెరటి వైపు పోయేది. నూకయ్య అడిగితే "రేపు రెండు మూరలు ఇస్తాను తాతా" అనేది. మర్నాడు అడిగితే మళ్ళీ రేపు. నవ్వకండి మరి. మీలో ఎంతమంది నిన్న "రేపు" అన్నారో నాకు తెలుసు.

ఆ బడిలోనే పోలి అని ఒక పిల్ల ఉండేది. పాపం, పద్యం నాలుగో పాదం దాకా వచ్చేసరికి మొదటి పాదం మరిచిపోయేది. మేదిని కిసుక్కున నవ్వేది. పోలి చిన్నబుచ్చుకునేది, సాయంత్రం తన మూర తను పేనుకుని ఇంటికి పోయేది.

ఏడాది చివరికి వచ్చింది. చూసుకుంటే మేదిని దగ్గర ఒక్క మూర తాడు కూడా లేదు. మరి తెలివైన పిల్ల కదా, ఒక తెలివి తోచింది. ఇంటి వెనక గడ్డిమేటు నుంచి వరిగడ్డి దూసుకొచ్చి లావుగా మెలిపెట్టింది. పైన మాత్రం సన్నగా కొబ్బరి పీచు చుట్టేసింది. ఎవరు చూసినా మోకే అనాలి.

"చూడండర్రా, మేదిని ముక్క ఎంత నున్నగా ఉందో" అన్నారు గురువుగారు అందరితో. పోలి తన ముక్క వంక చూసుకుంది. దాని నిండా పీచు వెంట్రుకలే. మేదినికి చెవులు వేడెక్కాయి. అయినా పొగడ్త తియ్యగానే ఉంది, గుటుక్కున మింగేసింది.

ముక్కలన్నీ కలిపి ముడులు వేశారు. మేదినిది పదమూడోది, సరిగ్గా నడుమ. కొత్త మోకు చుట్ట చుట్టి బడి అరుగు మీద పెట్టారు. ఇంకో ఎనిమిది రోజులకి కట్టుకోవచ్చు అనుకున్నారు.

ఏరు మాత్రం ఎనిమిది రోజులు ఆగలేదు. ఎక్కడో ఎగువన కుంభవృష్టి కురిసింది. ఒకనాడు మధ్యాహ్నం పిల్లలు ఎక్కాలు చదువుతూ ఉండగా నీళ్ళు ఎర్రగా, సుడులు తిరుగుతూ లంక మీదికి ఎక్కడం మొదలుపెట్టాయి. బడి అరుగుకు మూడు మెట్లు. చూస్తూ ఉండగానే మొదటి మెట్టు మునిగింది.

నూకయ్య తెప్పను లంక వైపు కట్టి పరిగెత్తుకొచ్చాడు. "పంతులుగారూ, పాత మోకుకి సగం పురులు తెగిపోయాయి. తెప్ప బరువు ఆగదు. కొత్తది పట్టుకురండి" అన్నాడు.

అవతలి ఒడ్డున ఊరి జనం గుమిగూడారు. తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఈ వైపున నూకయ్య పాత మోకు విప్పి, దాని కొసకి కొత్త మోకు కట్టాలి. ఆ వైపున జనం పాతది లాక్కుంటే దాని వెంట కొత్తది ఏరు దాటుతుంది. పాత మోకు ఆ మాత్రం లాగుడుకి తట్టుకుంటుంది, అంతకు మించి కాదు.

మోకు చుట్ట విప్పుతుంటే మేదిని తమ్ముడు, ఆరేళ్ళ బుల్లయ్య, అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, కొత్త మోకు తెగదు కదూ?"

మేదిని మోకు వంక చూసింది. ఇప్పుడే చెప్పేద్దామనుకుంది. చుట్టూ ఇరవై నాలుగు మొహాలు కనబడ్డాయి. చెప్పలేకపోయింది.

"మొదటి దఫా ఎనిమిదిమంది చిన్నపిల్లలు. బుల్లయ్యా, నువ్వు ముందు కూర్చో" అన్నారు గురువుగారు. మేదిని ఆయన దగ్గరకు వెళ్ళి, "గురువుగారూ" అంది. ఆయన తల నిమిరారు. "భయపడకు తల్లీ. నడి ఏట్లో నీ ముక్కే ఉంటుంది. ఇంక దిగులేముంది" అన్నారు. రెండోసారీ చెప్పలేక మేదిని వెనక్కి తగ్గింది.

నూకయ్య కొస కట్టి చెయ్యి ఊపాడు. అవతల జనం లాగడం మొదలుపెట్టారు. మోకు జరజరా నీళ్ళలోకి జారుతోంది. ఒకటో ముడి పోయింది. రెండోది పోయింది. నూకయ్య అరచేతుల్లోంచి ఒక్కొక్క ముక్కే జారుతోంది, మేదిని లెక్కపెడుతోంది.

ఆరు. ఏడు. రెండో మెట్టు మునిగింది.

పైన పీచు ఉంది కదా, ఆగుతుందేమో, అని మనసు ఒక పక్క అంటోంది. నీ పేరేమవుతుందో చూసుకో అంటోంది. బుల్లయ్య తెప్ప మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. వాడికి ఈత రాదు. ఆ ఎనిమిదిమందిలో ఎవరికీ రాదు.

పది. పదకొండు. పన్నెండో ముడి నూకయ్య చేతిలోకి వచ్చింది. మేదిని ముందుకు దూకి, ఆ వెనక ఉన్న ముక్కను రెండు చేతులా వాటేసుకుని బురదలో కూలబడింది.

"ఆపించు తాతా. ఇది తెగిపోతుంది."

"అవేం మాటలమ్మా? అది నీ ముక్కే కదా" అన్నారు గురువుగారు.

"అందుకే చెబుతున్నాను. లోపలంతా వరిగడ్డి."

నూకయ్య చెయ్యెత్తి అవతలివాళ్ళని ఆపాడు. పోయినంత మోకును రాటకు బిగించి, మొలలోంచి కత్తి తీసి ఆ ముక్కను చీల్చాడు. ముక్కిపోయిన గడ్డి నీళ్ళలో తేలుతూ కొట్టుకుపోయింది.

సన్యాసి అనే పిల్లాడు మేదిని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఆ తెప్ప మీద మా చెల్లి కూడా ఉంది" అన్నాడు. అంతే అన్నాడు. మేదినికి తల ఎత్తే మొహం లేదు.

"తిట్టుకోవడానికి చాలా రోజులున్నాయి" అన్నాడు నూకయ్య. "ఇప్పుడు నాకు పన్నెండు మూరల మోకు కావాలి. తొట్టిలో పీచు నానే ఉంది. ఇరవై నలుగురున్నారు. తలా పన్నెండు మూరలు పేనండి. నేను మెలిపెడతాను."

చిన్నవాళ్ళు కూడా తెప్ప దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, రెండో ఎక్కం అందుకున్నారు. ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క మెలి. ఏడాది పొడుగునా ప్రతి సాయంత్రం ఇలాగే పాడుకుంటూ పేనుతున్నారని మేదినికి ఆ రోజే తెలిసింది. ఆరేళ్ళ బుల్లయ్య వేళ్ళు కూడా చకచకా ఆడుతున్నాయి. పోలి అయితే చేతుల వంక చూడనే లేదు. దాని కళ్ళు నీటి మీద ఉన్నాయి, తాడు మాత్రం ఒళ్ళోకి పాములా దిగుతోంది.

మేదిని కూడా పీచు తీసుకుంది. ఈ చేత్తో మెలిపెడితే ఆ చేతిలో విడిపోతోంది. వేళ్ళకి ఏమీ తెలియదు. నూరు పద్యాలు నోటికి వచ్చు, ఒక్క మూర తాడు చేతికి రాదు. మళ్ళీ మెలిపెట్టింది, మళ్ళీ విడిపోయింది. ఏడుపు ముంచుకొచ్చింది.

పోలి చూసింది. "అక్కా, నువ్వు పీచు అందించు. ఆ పని చేసేవాళ్ళూ కావాలి కదా" అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. ఉన్నా బాగుండును అనిపించింది మేదినికి.

తొట్టి దగ్గర నుంచి అరుగు దాకా, అరుగు నుంచి తొట్టి దాకా మేదిని పరిగెత్తింది. తడి పీచు మోసి మోసి భుజాలు లాగేశాయి. ఒక్కొక్కరి ముందూ వంగి పీచు పెడుతుంటే వాళ్ళ వేళ్ళు కనబడ్డాయి. అందరివీ కాయలు కాసిన వేళ్ళే. రోజూ పక్కనే కూర్చున్నా ఇన్నాళ్ళూ చూడలేదు.

ఎక్కాలు పన్నెండు దాటి మళ్ళీ రెండుకి వచ్చాయి. నీళ్ళు మూడో మెట్టు ఎక్కి అరుగు అంచును తాకాయి. అప్పటికి నూకయ్య ఆఖరి మెలి బిగించాడు. కొత్త ముక్క కలిపి ముడివేసి చెయ్యి ఊపాడు. మోకు మళ్ళీ కదిలి అవతలి ఒడ్డు చేరింది. అటు వాళ్ళు కట్టారు, ఇటు నూకయ్య కట్టాడు. ముందు తనొక్కడే నీళ్ళలోకి దిగి, మోకుకి వేళ్ళాడి చూశాడు. ఆగింది.

మొదటి దఫా చిన్నవాళ్ళు పోయారు. తెప్ప నడి ఏట్లోకి వెళ్ళినంతసేపూ మేదిని మోకు మీంచి చూపు తిప్పలేదు. మోకు విల్లులా వంగింది, నీళ్ళు పిండుకుంది, తెగలేదు. రెండో దఫా తొమ్మిదిమంది పోయారు. లంక మీద నడుముల్లోతు నీళ్ళు వచ్చాయి. మూడో దఫా గురువుగారూ, మిగిలినవాళ్ళూ ఎక్కారు. అందరి వెనకా మేదిని ఎక్కింది.

నడి ఏట్లో ఒక మాను కొట్టుకొచ్చి తెప్పను ఒక్క గుద్దు గుద్దింది. నూకయ్య చేతులు జారాయి. తెప్ప పక్కకి తిరిగింది. "మోకు పట్టుకోండి" అని పోలి కేక వేసింది. ఉన్నవాళ్ళంతా రెండేసి చేతులా పట్టుకున్నారు. మేదిని చేతికి దొరికింది అప్పుడే పేనిన ముక్క. ఇంకా తడిగా, గరుగ్గా, పీచు వెంట్రుకలతో ఉంది. అరచేతులు చీరుకుపోయినా వదల్లేదు. మాను దాటిపోయింది. చెయ్యి మార్చి చెయ్యి వేసి లాగారు. ఒడ్డు తగిలింది.

తల్లులు పిల్లల్ని గుండెలకు హత్తుకుని ఏడ్చారు. ఇంతలో ఊరిపెద్ద వచ్చి మేదిని భుజం మీద చెయ్యి వేశాడు. "నడుమ ముక్క తెగుతుందని కనిపెట్టి ఆపించింది ఈ పిల్లేనట. బుల్లయ్య చెప్పాడు. ఎంత తెలివమ్మా నీది. ఇంతమంది ప్రాణాలు కాపాడావు" అన్నాడు. జనమంతా మేదిని వైపు తిరిగారు. తల్లి కళ్ళు మెరిశాయి.

ఊరుకుంటే సరిపోయేది. గురువుగారు ఊరుకున్నారు, నూకయ్య ఊరుకున్నాడు. పిల్లలు కూడా ఊరుకున్నారు.

"ఆ ముక్కలో గడ్డి పెట్టింది నేనేనండీ" అంది మేదిని. "కాపాడింది వీళ్ళు." పోలి చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి ఊరిపెద్దకు చూపించింది. ఆ మీదట ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళింది. సన్యాసి దగ్గరకు వెళ్ళడానికి కాళ్ళు రాలేదు, అయినా వెళ్ళింది. "మీ వల్ల నా తమ్ముడు బతికాడు" అని ఇరవై నలుగురికీ ఇరవై నాలుగుసార్లు చెప్పింది. బుల్లయ్యకి కూడా చెప్పింది, వాడూ పేనాడు కదా. సన్యాసి చాలాసేపు చూసి, చివరికి తల ఊపాడు.

ఆఖరున నూకయ్య కాళ్ళ దగ్గర కూర్చుంది.

"తాతా, నేను ఎగ్గొడుతున్నానని నీకు తెలుసు. ఎందుకు గట్టిగా అడగలేదు? అసలు రోజుకో మూర ఎందుకు? మోకు సంతలో దొరుకుతుంది కదా."

"మోకు దొరుకుతుంది తల్లీ" అన్నాడు నూకయ్య. "మా నాయన కాలంలో ఇలాగే వరద వచ్చి మోకు తెగింది. ఒడ్డు నిండా జనం ఉన్నారు, పీచు కూడా ఉంది, పేనే చెయ్యి ఒక్కటీ లేదు. ఆ చేతులు ఎక్కడ కొనుక్కురమ్మంటావు? మనసులో కృతజ్ఞత లేనిదే ఏ పిల్లా రోజూ కూర్చుని పేనదు. అది బెదిరించి పుట్టించేది కాదు. అందుకే గట్టిగా అడగలేదు."

ఏడ్చేసింది మేదిని. నూకయ్య ఏడవనిచ్చాడు.

వరద తీసేదాకా బడి ఒడ్డు మీదే, ఒక పశువుల పాకలో జరిగింది. మొదటి సాయంత్రం అందరూ పీచు దగ్గర కూర్చున్నారు. మేదిని వచ్చి పోలి పక్కన కూర్చుంది. ఆ రోజు జానెడు కూడా సాగలేదు, సాగిందంతా విడిపోయింది. మర్నాడు జానెడయింది. మూర నిండడానికి నెల పట్టింది. ఆ నెలలో ఒక్క రోజు కూడా "రేపు" అనలేదు.

అంచేత పిల్లలూ, మనల్ని దాటించేవాళ్ళ మేలు రోజూ తలుచుకోవాలి, మన పని రోజూ కాస్తయినా చెయ్యాలి. ఆపద వచ్చాక నేర్చుకుందామంటే, మనం నేర్చుకునేదాకా ఆపద ఆగదు.