తమ్ముడి పేరున వేసిన ఆనప పాదు

సదానందయ్యగారిని ఏదైనా అడిగినవాడికి ఆ పూట జవాబు దొరికేది కాదు, ఒక పని దొరికేది. ఆ పని చేసి వచ్చాక మళ్లీ ఆ ప్రశ్న అడిగే ధైర్యం చాలామందికి ఉండేది కాదు. ఈ సంగతి తెలిసి కూడా వీరభద్రం ఒక సాయంత్రం గోదావరి గట్టున ఉన్న ఆయన ఇంటికి వెళ్లి, చాప మీద కూర్చోకుండానే అడిగేశాడు.

"నా తర్వాత వచ్చినవాళ్లకి కూడా మంత్రోపదేశం ఇచ్చారు. నన్ను మాత్రం చూద్దాంలే అంటున్నారు. నాలో ఏం తక్కువండీ?"

పాపం, అతని బాధ అబద్ధం కాదు. ఇంకా అవలేదా అని ఊళ్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. తోటి శిష్యులు జాలిగా చూస్తుంటే అన్నం సహించడం లేదు. గురువుగారి నోటి నుంచి ఆ మంత్రం చెవిన పడకుండానే పోతానేమోనన్న బెంగ కూడా మనసులో పట్టుకుంది. అందుకని తను చేసిన మంచి అంతా ఆయన ముందు పరిచాడు. తమ్ముడు సూర్యం చిన్న వయసులో పోయాడు. తమ్ముడి భార్య సీతారత్నాన్నీ, ఆమె కూతురు నాగమణినీ తన ఇంటి వెనక గదుల్లో పెట్టి తనే పోషిస్తున్నాడు. బియ్యం దగ్గర్నుంచి ఉప్పు దాకా తనే పంపుతాడు. పెరట్లో ఒక పాదు తమ్ముడి పేరునే వేశాడు.

ఆ పాదు గురించి కొంచెం చెప్పాలి. వీరభద్రం పెరడు చూడముచ్చటగా ఉండేది. బెండలు, వంగ మొక్కలు, దొండ పందిరి, మూలన జామచెట్టు. వాటన్నిటిలోకీ అతనికి ముద్దు వీధి వైపు కంచె మీదికి పాకించిన ఆనప పాదు. దాని కాయలన్నీ సీతారత్నానికే. తన వంటింటికి నూతి దగ్గర వేరే పాదు ఉంది. ఒకసారి భార్య కంచె మీది కాయ కోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "దేవుడికి పెట్టేది మనం రుచి చూస్తామా? ఎంగిలి అవదూ?" అన్నాడు. అంత పట్టింపు. లేతగా, నున్నగా వేలాడే ఆ కాయల్ని చూసి దారిన పోయేవాళ్లు ఎవరికని అడిగితే చెప్పేవాడు. అడగనివాళ్లని ఆపి మరీ చెప్పేవాడు.

"ఆ కాయలు ఎలా ఉన్నాయంటుంది మీ మరదలు?" అని అడిగారు సదానందయ్యగారు.

"అమృతమేనంటుందండి. ఇన్నేళ్లలో నేను పంపిన దేనికీ ఆ అమ్మాయి వంక పెట్టింది లేదు. అంత ఉత్తమురాలు."

"దేనికీ పెట్టలేదూ?"

"దేనికీ లేదండి."

ఆయన "రేపు నీ చేత్తో ఓ కాయ కోసుకుని ఆ ఇంటికి వెళ్లు. వండించుకుని అక్కడే తిను. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఇంత సులువైన పని ఇచ్చినందుకు వీరభద్రం సంతోషించాడు. దారిలో మాత్రం ఒక విషయం తట్టింది. తమ్ముడు పోయాక ఆ ఇంట్లో తను చెయ్యి కడిగింది లేదు. తన ఇంటి వెనక గదులే అయినా గుమ్మం బయట నిలబడి మాట్లాడి రావడమే.

మర్నాడు కాయతో వచ్చిన బావగారిని చూసి సీతారత్నం కంగారు పడింది. భోజనం ఇక్కడే అనేసరికి మొహంలో రంగు మారింది.

"లేత వంకాయలున్నాయి బావగారూ, కారం కూరి కాయ పళంగా వండుతాను. ఆనపకాయ ఎందుకులెండి."

"మన పాదు కాయ ఉండగా వంకాయలేమిటమ్మా!" అన్నాడు వీరభద్రం నవ్వుతూ. తన కాయని అపురూపంగా దాచుకుంటోందనుకుని మనసులో పొంగిపోయాడు కూడా. ఆమె కాయ తీసుకుని లోపలికి వెళ్లింది. పొయ్యి దగ్గర చాలాసేపు పట్టింది. ఆనపకాయ పులుసు పెట్టి, అందులో చింతపండు, బెల్లం మామూలుకి రెట్టింపు వేసింది. విస్తరి ఒక్కటే వేసింది. నాగమణిని తినమంటే, తల్లి వైపు చూసి, ఆకలి లేదంది.

వీరభద్రం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బెల్లం తగిలింది, పులుపు తగిలింది, వాటి వెనకాలే చేదు నాలుక మీదికి ఎక్కింది. కాకరకాయ చేదు కాదు. గొంతు పట్టేసే చేదు, కళ్లలో నీళ్లు తెప్పించే చేదు. ఎలా మింగాడో మింగి, గ్లాసెడు నీళ్లు తాగాడు. అయినా పోలేదు. అతనికి ముందుగా వచ్చింది కోపం.

"ఏం కలిపావమ్మా ఇందులో?"

తలుపు చాటున నిలబడ్డ సీతారత్నం నెమ్మదిగా అంది. "నేనేం కలపలేదు బావగారూ. కాయే అంత. కొన్ని పాదులు అలా చేదు కాస్తాయి."

"మరి అమృతమన్నావు!"

"అన్నాను. కిందటేడు మొదటి కాయ తిని పిల్ల రాత్రంతా వాంతులు చేసుకుంది. మీరడిగితే ఎండదెబ్బన్నాను. అప్పట్నుంచీ మీరు పంపిన కాయ పంపినట్టే గొయ్యి తీసి పాతేస్తున్నాను. బాగున్నాయన్నానని మీరు ఆ పాదు విత్తనాలే దాచి ఈ ఏడూ వేశారు."

వీరభద్రం తలుపు వైపు తిరిగాడు. "ఒక్క మాట చెబితే పీకి పారేసేవాణ్ణి కదమ్మా! నాకు చెప్పడానికి భయమెందుకు?"

ఆమె కూతుర్ని బయటికి పంపి, అప్పుడు అంది.

"మీ తమ్ముడు పోయిన కొత్తలో ఒకసారి చెప్పాను. బియ్యం ముక్కిపోయాయి, పిల్ల తినలేకపోతోందని. ఆ నెల మీరు బియ్యం పంపలేదు."

అతనికి గుర్తొచ్చింది. మర్చిపోయాననుకున్నది మొత్తం గుర్తొచ్చింది. వంకలు పెడుతున్నారంటే ఇంకా ఆకలి వేయలేదన్నమాట, వేశాక పంపుదాంలే అని ఆ రోజు భార్యతో అన్నాడు. తర్వాత ఆ సంగతే మనసులోంచి తుడిచేసుకున్నాడు. అంత తేలిగ్గా తుడిచేసుకోగలిగినందుకు ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆ నెల ఏం తిన్నారమ్మా?" అని అడిగాడు.

సీతారత్నం మజ్జిగ గిన్నె అందుకుంది. "పులుసులో ఇంకో ముద్ద ముట్టుకోకండి, ఒంటికి మంచిది కాదు. మజ్జిగ పోస్తాను" అంది.

ఇంటికి పోతూనే వీరభద్రం కంచె మీది పాదుని మొదలంటా పీకాడు. దాచిన విత్తనపు కాయని గోదాట్లో పారేశాడు. మరుసటి పంట కారుకి పొరుగూరి నుంచి మంచి విత్తనం తెచ్చి వేశాడు. ఎంగిలి పట్టింపు వదిలేసి, ప్రతి కాయా చివర చిన్న ముక్క కోసి, పచ్చిదే నమిలి చూసి మరీ పంపాడు. బియ్యం తనే దగ్గరుండి చెరిగించాడు. అతనిలో ఆ మార్పు నిజమైనదే. కాదనడానికి మనకి హక్కు లేదు. ఇదంతా చెప్పుకోవడానికి మళ్లీ గోదావరి గట్టుకి వెళ్లాడు. ఈసారి చాప మీద కూర్చున్నాడు.

సదానందయ్యగారు అంతా విన్నారు.

"ఇప్పుడు కాయలు బాగున్నాయా?"

"బాగున్నాయండి. నేనే రుచి చూస్తున్నాను."

"ఆవిడేమంటోంది?"

"చాలా బాగున్నాయంటోందండి. అమృతమే..." అంటూ వీరభద్రం ఆగిపోయాడు. ఆ మాట తన నోట్లో ఎలా పలికిందో తనకే వినిపించింది. ఉపదేశం సంగతి అడగాలని వచ్చినవాడు చాప అంచు పీకుతూ కూర్చుండిపోయాడు.

సదానందయ్యగారు లేచి, పైపంచె సర్దుకుని, సంధ్యకి వేళయిందన్నట్టు నది వైపు కదిలారు. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నారు.

"బాగాలేదని ఆ తల్లి నీ మొహాన చెప్పిన రోజున రా, వీరభద్రం. ఆ రోజుకి ముహూర్తం చూడక్కర్లేదు."