ఇంటికి మొలతాడు

ఊరందరి తెలివీ కలిపి మూట కట్టినా తమ బుర్రలకి సాటి రాదని గవరయ్యకీ తమ్ముడు అప్పన్నకీ గట్టి నమ్మకం. కొత్త గొడుగు తడిసి పాడవుతుందని దాన్ని చొక్కా కింద దాచుకుని వానలో తడిసొచ్చిన ఘనులు మరి!

వాళ్ళది ఒంటిగది మట్టిల్లు. మొగుడూ పెళ్ళాం, మరిదీ, మేకా అందులోనే. గవరయ్య పెళ్ళాం పైడితల్లికి విసుగొచ్చింది.

"గురువారం మా అమ్మొస్తాది. ఈలోగా ఇంకో గది లేకపోతే అమ్మతోటే ఎలిపోతాను" అంది.

గవరయ్యకి పెళ్ళామంటే ప్రాణం. పాపం, ఆ పూట అన్నం సయించలేదు.

ఆ రోజే వ్యవసాయం ఆఫీసరమ్మ వాళ్ళ పొట్లపాదు చూడ్డానికొచ్చింది. కాయ ఇంత పొడుగెలా అయిందని అప్పన్న అడిగాడు.

"కాయలో కంటికి కనపడనంత చిన్న గదులుంటాయి బాబూ. ఒక్కో గదీ మధ్యలో గోడ కట్టుకుని రెండవుతుంది. గోడ ఎక్కడ రావాలో ముందే లోపల చుట్టూ పట్టీ కట్టి గుర్తు పెట్టుకుంటుంది. ఆ పట్టీ మాయమయ్యాక సరిగ్గా అక్కడే గోడ లేస్తుంది. అడ్డగోడలైతే కాయ పొడుగు, నిలువుగోడలైతే లావు" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇంకేముంది! మేస్త్రీ దండగన్నాడు గవరయ్య. ఇంటికి గడ్డితాడు చుట్టబోయాడు.

"అడ్డంగానా, నిలువుగానా?" అన్నాడు అప్పన్న.

"మా అత్త లావురా. నిలువుగానే కట్టు!"

కట్టారు. తెల్లారేసరికి ఆ తాడుని మేక నమిలేసింది. అంతే, పట్టీ మాయమైందని అన్నదమ్ములు చిందులేశారు. బుధవారం దాకా కాచుకున్నా గోడ లేవలేదు.

"నీళ్ళు పొయ్యకుండా ఏది పెరుగుతాదన్నియ్యా?" అన్నాడు అప్పన్న.

అంతే, బావి దగ్గర్నించి కావిళ్ళతో మోసి మోసి ఇంటి గోడలకి నీళ్ళు పెట్టారు. మట్టిగోడలు కదా, గురువారం పొద్దున్నే ఇల్లు చతికిలబడింది. అదృష్టం, అందరూ బయటే ఉన్నారు.

సరిగ్గా అప్పుడే అత్తగారు దిగింది. "పదవే" అని కూతురి చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నా పెళ్ళాన్ని తీసుకెళ్ళిపోకు!" అని గవరయ్య బావురుమన్నాడు.

అప్పన్న కళ్ళు మెరిశాయి. "ఏడవకన్నియ్యా! వదినకి కడదాం. ఒక వదిన ఆళ్ళకి, ఒక వదిన మనకి!"

గవరయ్య కళ్ళు తుడుచుకుని పెళ్ళాం నడుముకి గడ్డితాడు బిగించాడు. అప్పన్న ఆమె నెత్తిన కడివెడు నీళ్ళు కుమ్మరించాడు. ఇద్దరూ మేకని తేవడానికి పరిగెత్తారు.