ఎద్దూ దున్నా కట్టిన బండి

వెనకటికొక కోటలో కట్టడి ఉండేది: ఎద్దుబండి లోపలికి రావచ్చు, దున్నబండి వస్తే జప్తు.

సున్నం తోలే కదిరప్పకు రెండెద్దుల్లో ఒకటి చచ్చిపోతే, దాని జాగాలో దున్నపోతును కట్టాడు. తూర్పు వాకిట కావలి రాజుగారి బావమరిదిది. ఆయన ఎడమ పక్కనున్న ఎద్దును చూసి, "ఎద్దుబండి, పోనీ" అన్నాడు. సున్నం దించి పడమటి వాకిటికి వస్తే, అక్కడి కావలి నాయకుడు కుడి పక్కనున్న దున్నను చూశాడు.

"దున్నబండిని కోటలోకి తెస్తావట్రా? దిగు. బండి ఇక రాజుగారిది."

కదిరప్ప బతుకంతా ఆ బండే. అయినా దిగి పగ్గాలు చేతికిచ్చాడు.

"తీసుకోండి దొరా. తూర్పు వాకిట బావమరిది దొరగారు ఎద్దుబండని వదిలారు. తమరు దున్నబండంటున్నారు. జప్తు చీటీలో దున్నబండిని లోపలికి వదిలిందెవరో కూడా రాయించండి. రేపు రాజుగారు అడిగితే నాకు చెప్పడం చేతకాదు."

నాయకుడు గంటం తీసి, మళ్ళీ పెట్టేశాడు. పగ్గాలు వెనక్కిచ్చి, మెల్లగా బండి చుట్టూ నడిచి ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఎద్దుబండే కదరా. ముందే చెప్పొద్దూ?"

వాకిలి దాటి చాలా దూరం పోయాకగానీ కదిరప్ప ఊపిరి వదల్లేదు. అప్పుడు బండి ఆపి, ఎద్దునూ దున్ననూ చెరో చేత్తో నిమిరాడు.